డబుల్ రోడ్డు అంచు దగ్గరే ఎందుకు విరుగుతుంది, మలుపు దగ్గరే బండి ఎందుకు తప్పుతుంది?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం లారీ వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. రెండు వరుసల రాష్ట్ర రహదారి మీద తారు వెడల్పు 7 మీటర్లు. రెండు లారీలు ఎదురుపడితే 5.2 మీటర్లు వాటికే పోతుంది. మిగిలిన 1.8 మీటర్లను మూడుచోట్ల పంచుకోవాలి: లారీకీ లారీకీ మధ్య కొంత, అటు అంచున కొంత, ఇటు అంచున కొంత. సమంగా పంచితే ఒక్కోచోట 60 సెంటీమీటర్లు. పక్క అద్దాలు ఈ లెక్కలో లేవు. ఎదుటి బండికి దూరం జరగాలనే ఏ డ్రైవరైనా చూస్తాడు కాబట్టి ఎడమ చక్రం అంచువైపే పోతుంది. రాష్ట్ర రహదారి అన్న పేరున్నా చాలాచోట్ల తారు 5.5 మీటర్లే ఉంటుంది. అక్కడ రెండు లారీలు పోగా మిగిలేది 30 సెంటీమీటర్లు. ఒకరు చక్రం కిందికి దించక తప్పదు.

ఈ లెక్క మనసులో పెట్టుకుంటే పల్లెల మీదుగా పోయే రోడ్డు ఎక్కడ పాడవుతుందో, ఎందుకు పాడవుతుందో సగం అర్థమైనట్టే. రోడ్డు బాగుందా లేదా అని అందరూ తారునే చూస్తారు. బిల్లులు కూడా ఎక్కువగా తారుకే అవుతాయి. కానీ తారు ఎన్నాళ్లు నిలుస్తుందో, దాని మీద పోయేవాళ్లు ఎంత క్షేమంగా ఇల్లు చేరతారో తేల్చేది ఆ 7 మీటర్లకు అవతల ఉన్న నేల.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో రెండు వరుసల రాష్ట్ర రహదారి కట్ట పైభాగం 12 మీటర్లు ఉండాలి. మధ్యలో 7 మీటర్ల తారు, రెండు పక్కలా రెండున్నర మీటర్ల చొప్పున బెర్ములు, అంటే తారు పక్కన ఉండే మట్టి భాగాలు. కట్ట వాలు, పక్క కాలువ, చెట్లు, రేపటి విస్తరణకు చోటు అన్నీ కలిపి రోడ్డుకు ఉండాల్సిన మొత్తం స్థలం మామూలుగా 45 మీటర్లు, తక్కువలో తక్కువ 30. పాత రోడ్లకు చాలాచోట్ల అంత భూమి సేకరించనేలేదు, సేకరించినచోట హద్దురాళ్లు మాయమయ్యాయి. రోడ్డు పక్కన ఖాళీ జాగాలా కనిపించేదాంట్లో చాలా భాగం ఖాళీ జాగా కాదు, రోడ్డులో భాగమే. అక్కడ కంకర కుప్ప పోసినా, షెడ్డు వేసినా, కాలువ పూడ్చి దారి చేసుకున్నా దెబ్బ తగిలేది తారుకే.

ఎవరి రోడ్డు, ఏ కిలోమీటరు

ఫిర్యాదు చేయాలంటే ముందు రోడ్డు ఎవరిదో తెలియాలి. జాతీయ రహదారులు రాజ్యాంగంలో కేంద్ర జాబితాలోకి వస్తాయి, మిగతా రోడ్లు రాష్ట్ర జాబితాలోకి. జాతీయ, రాష్ట్ర, జిల్లా, గ్రామ రహదారులన్న విభజన 1943 నాగపూర్ ప్రణాళిక నాటిది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాష్ట్ర రహదారులు, ప్రధాన జిల్లా రహదారులు ఆర్ అండ్ బీ శాఖ చేతిలో ఉంటాయి. పల్లె రోడ్లు ఎక్కువగా పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగానివి. కిలోమీటరు రాయి తల పసుపు రంగులో ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చగా ఉంటే రాష్ట్ర రహదారి. రెండు కిలోమీటరు రాళ్ల మధ్య ప్రతి 200 మీటర్లకు 2, 4, 6, 8 అంకెలున్న చిన్న రాళ్లు పాతుతారు. "ఫలానా ఊరు దాటాక గుంత" అని రాసిన అర్జీ కంటే "కిలోమీటరు 24, నాలుగో రాయి దాటాక ఎడమ పక్క" అని రాసిన అర్జీ మీద పని జరిగే అవకాశం ఎక్కువ. ఎందుకంటే సెక్షన్ ఇంజినీరు అంచనా తయారు చేసేది ఆ అంకెలతోనే.

దారి వంకర్లు ఎక్కడినుంచి వచ్చాయి

కొత్తగా వేసే జాతీయ రహదారికి గీత గీసి భూమి తీసుకుంటారు. రాష్ట్ర రహదారుల్లో చాలా వాటి గీత ఎవరూ కొత్తగా గీసింది కాదు. ఊరికీ ఊరికీ మధ్య ఉన్న బండిబాట మెటల్ రోడ్డయింది, దాని మీదే తారు పడింది, ఆ తారునే రెండు పక్కలా వెడల్పు చేశారు. ఎడ్లబండి వేగానికి సరిపోయిన మలుపు కారు వేగానికి సరిపోదు. చెరువు కట్ట మీదుగా పోయే రోడ్డు కట్ట ఎటు తిరిగితే అటు తిరగాల్సిందే. వాగు దగ్గర ఇంకో చిక్కు ఉంది. వంతెన పొడవు తగ్గాలని, అంటే ఖర్చు తగ్గాలని, వాగుకు సరిగ్గా అడ్డంగా వంతెన కట్టారు. రోడ్డు వాగును ఏటవాలుగా దాటాల్సినచోట అలా కట్టడంతో వంతెనకు రెండువైపులా రెండు ఎదురు మలుపులు పుట్టాయి. తిన్నగా వచ్చిన బండికి ఆ మలుపు వంతెన గోడ ముందుదాకా కనిపించదు. కాలువలు దాటే చాలాచోట్ల ఇదే తంతు.

మలుపు లెక్క ఇలా ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగానికి వంపు వ్యాసార్ధం కనీసం 230 మీటర్లుండాలి. అదీ రోడ్డు బయటి అంచు లోపలి అంచు కంటే ఎత్తుగా, 7 శాతం వాలుతో ఉన్నప్పుడు. దీన్నే సూపర్ ఎలివేషన్ అంటారు. బండిని బయటికి నెట్టే బలాన్ని కొంత ఈ వాలు కాస్తుంది, కొంత టైరు పట్టు కాస్తుంది. తిన్నని రోడ్డు మీద మాత్రం మధ్యలో ఎత్తు, రెండు అంచులకూ వాలు ఉంటుంది. మలుపు వస్తుంటే బయటి సగం మెల్లగా లేచి, మొత్తం వెడల్పు ఒకే వాలుగా లోపలికి తిరగాలి.

పాత తారు మీద కొత్త పొర, అంటే రెన్యువల్ కోటు, వేసేటప్పుడు తప్పు జరిగేది ఇక్కడే. తారు పరిచే యంత్రాన్ని (పేవరును) తిన్నని రోడ్డుకు సరిపోయే వాలు మీదే ఉంచి మలుపులోనూ నడిపించేస్తారు. రెండు మూడు రెన్యువల్స్ అయ్యేసరికి మలుపులో కూడా మధ్యలో ఎత్తు, బయటి సగం బయటికే రెండున్నర శాతం వాలు. అదే 230 మీటర్ల వంపు మీద, అదే టైరు పట్టుతో లెక్క వేస్తే క్షేమమైన వేగం 80 నుంచి సుమారు 60కి పడిపోతుంది. రోడ్డు మాత్రం అంతకుముందు కంటే నున్నగా ఉంటుంది కాబట్టి బండ్లు ఇంకా వేగంగా వస్తాయి. కొత్తగా రోడ్డు వేశాక ప్రమాదాలు పెరిగాయన్న మాట వినిపించినచోట ముందు చూడాల్సింది దీన్నే. పరికరాలు అక్కర్లేదు. వాన పడుతున్నప్పుడు మలుపు దగ్గర నీళ్లు ఎటు పోతున్నాయో చూస్తే చాలు. మొత్తం నీరు లోపలి అంచుకు చేరితే వాలు సరిగ్గా ఉన్నట్టు. కొంత నీరు బయటి అంచుకు పోతుంటే ఆ వాలు పోయినట్టు.

మలుపులో తారు వెడల్పు కూడా పెరగాలి. పొడవాటి లారీ తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోస్తాయి. అందుకని 101 నుంచి 300 మీటర్ల వ్యాసార్ధానికి 0.6 మీటర్లు, 61 నుంచి 100 మీటర్లకు 0.9 మీటర్లు అదనంగా ఇవ్వాలి. ఇవ్వనిచోట లోపలి బెర్ము గాడి పడి ఉంటుంది. ఆ గాడే సాక్ష్యం.

ఇక చూపు సంగతి. 80 వేగంతో వస్తున్నవాడు ఎదురుగా అడ్డం కనపడ్డాక బ్రేకు వేసి ఆగడానికి 120 మీటర్లు కావాలి. 230 మీటర్ల వంపులో అంత దూరం కనపడాలంటే లోపలి వరుస మధ్యగీత నుంచి దాదాపు 7.8 మీటర్ల దాకా ఏ అడ్డూ ఉండకూడదు. అంటే తారు అంచు నుంచి సుమారు 6 మీటర్లు. బెర్ము రెండున్నర మీటర్లు పోగా ఇంకా మూడున్నర మీటర్లు ఖాళీగా ఉండాలి. ఆ జాగాలో మొక్కజొన్న వేస్తే వేసవిలో కనిపించిన మలుపు పంట ఎదిగాక కనిపించదు. తుమ్మ కంప సంగతీ అంతే. మలుపు లోపలి పక్క కంప కొట్టించడం రోడ్డు భద్రతలో అతి తక్కువ ఖర్చుతో అయ్యే పని. దాన్ని ఏటా చేయాలి.

ముందు బండిని దాటడానికి కావాల్సిన చూపు ఇంకా ఎక్కువ. 80 వేగానికి ప్రమాణం 470 మీటర్లు. దాటేవాడికి పన్నెండున్నర సెకన్లు, ఆ లోపు ఎదురు నుంచి దూసుకొచ్చే బండికి ఎనిమిదిన్నర సెకన్ల దూరం కలిపి వేసిన లెక్క ఇది. ఊళ్లు, చెరువు కట్టలు, వంతెనలు తీసేస్తే పల్లె దారిలో అంత దూరం తిన్నగా కనిపించే చోట్లు కొన్నే. ఈలోగా ముందు గడ్డి ట్రాక్టరు గంటకు పాతిక కిలోమీటర్ల వేగంతో పోతుంటుంది. సామర్థ్యం లెక్కల్లో కారును ఒకటిగా తీసుకుంటే లారీ 3, ట్రాక్టరు ట్రెయిలరు నాలుగున్నర, ఎడ్లబండి 8. మైదానంలో రెండు వరుసల రోడ్డుకు రోజుకు 15,000 కారు యూనిట్లు అని పుస్తకం చెప్పినా, కోతల కాలంలో అంత రద్దీ లేకపోయినా రోడ్డు ఇరుగ్గా అనిపించేది ఇందుకే. దాటే అవకాశం కోసం అయిదు నిమిషాలు ఆగినవాడు ఆరో నిమిషంలో తెగిస్తాడు. తప్పు అతనిదే. అయినా నాలుగయిదు కిలోమీటర్లకు ఒకసారి ఖాయంగా దాటగల చోటు ఉందని తెలిస్తే తెగించేవాళ్లు తగ్గుతారు. మొత్తం నాలుగు వరుసలు చేయడానికి డబ్బు లేనిచోట, కొన్ని చోట్ల మాత్రం కిలోమీటరు చొప్పున మూడో వరుస ఇవ్వడం ఆలోచించదగ్గ పని.

ఊళ్లో దారి గురించి రెండు ముక్కలు. ఊరి మురుగు రోడ్డెక్కినచోట తారు నిలవదు. నీటిలో నానిన తారు కంకరను వదిలేస్తుంది. అక్కడ సిమెంటు రోడ్డు వేసి, రెండు పక్కలా దానికంటే లోతైన కాలువలు కట్టాలి. కాలువ లేకుండా సిమెంటు వేస్తే నీరు ఇళ్లలోకి పోతుంది, రోడ్డెత్తు మీద తగాదాలు మొదలవుతాయి. స్పీడ్ బ్రేకరు వేస్తే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తుతో గుండ్రంగా వేయాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి పెట్టిన కొలత అది. ఊరివాళ్లు రాత్రికి రాత్రి పోసే అడుగున్నర వెడల్పు గట్టు లారీని పెద్దగా ఆపదు, కానీ వెనక కూర్చున్న మనిషిని బైకు మీంచి పడేస్తుంది.

అంచు విరిగే తీరు

తారు పొర పక్కనుంచి ఆసరా ఉంటేనే బరువు మోస్తుంది. అంచు పక్కన బెర్ము మట్టి ఉన్నంతకాలం చక్రం బరువు కిందికీ పక్కకీ పంచుకుపోతుంది. బెర్ము అరిగి 5 సెంటీమీటర్లు దిగితే ఆ అంచు గాల్లో వేలాడినట్టే. చక్రం ఎక్కిన ప్రతిసారీ పగులుతుంది, వాన నీరు ఆ పగుల్లోంచి కంకరలోకి దిగుతుంది, అంచు ముక్కలై ఊడిపోతుంది. 7 మీటర్ల తారు ఆరున్నర అవుతుంది. అప్పుడు చక్రాలు ఇంకా లోపలికి జరిగి కొత్త అంచును తొక్కుతాయి.

బెర్ము దిగడానికి కారణాలు మూడు. దించి ఎక్కే బండ్లు మట్టిని చెదరగొడతాయి. తారు మీంచి వచ్చే వాననీరు కోస్తుంది. మూడోది మనుషులు చేసేది: 40 మిల్లీమీటర్ల కొత్త తారు వేసి బెర్మును పాత ఎత్తులోనే వదిలేయడం. రెండు రెన్యువల్స్ అయితే 8 సెంటీమీటర్ల మెట్టు తయారు. తారుతోపాటు బెర్ము పనికీ అంచనాలో పద్దు ఉంటుంది. చివరి రోజున టిప్పరుతో మట్టి దిమ్మరించి, రోలరు ఎక్కించకుండా చదును చేసి కొలత రాయించుకుంటారు. ఆ మట్టి మొదటి వానకే పోతుంది. మొరం తడిపి, 15 సెంటీమీటర్లకు మించని పొరలుగా పరిచి రోలరుతో తొక్కిస్తేనే అది బెర్ము.

ఆ మెట్టు మనిషినీ చంపుతుంది. ఎదురు లారీకి దారిచ్చి ఎడమ చక్రాలు దించిన కారు మళ్లీ ఎక్కాలనుకుంటుంది. టైరు పక్కభాగం మెట్టుకు రాసుకుంటూ ఎక్కనివ్వదు. డ్రైవరు స్టీరింగు ఇంకాస్త తిప్పుతాడు. ఒక్కసారిగా టైరు ఎక్కేసరికి, అప్పటికే ఎక్కువ తిరిగి ఉన్న చక్రం బండిని నేరుగా ఎదుటి వరుసలోకి విసురుతుంది. చక్రం కిందికి దిగితే చేయాల్సింది వెంటనే ఎక్కడం కాదు. యాక్సిలరేటరు వదిలి, స్టీరింగు తిన్నగా పట్టి, వేగం బాగా తగ్గాక, మెట్టు తక్కువగా ఉన్నచోట మెల్లగా ఎక్కాలి. రోడ్డు వేసేవాళ్లు తారు అంచును నిలువుగా కోయకుండా 30 డిగ్రీల వాలుగా దిగ్గొడితే టైరు ఆ వాలు మీదుగా సాఫీగా ఎక్కుతుంది. పేవరుకు చిన్న పలక బిగిస్తే అయ్యే పని ఇది.

బెర్ము ఎత్తుగా ఉన్నా ముప్పే. గడ్డి మొలిచి, దుమ్ము పట్టి, అంచు కంటే బెర్ము పైకి లేచినచోట నీరు పక్కకు పోక తారు అంచు వెంబడే నిలుస్తుంది. రోడ్డు మధ్యనుంచి అంచుకు మూడున్నర మీటర్లలో ఇచ్చిన వాలు మొత్తం 9 సెంటీమీటర్లు కూడా ఉండదు. నాలుగు వేళ్ల మందం గడ్డిదిమ్మ దాన్ని నిష్ఫలం చేస్తుంది. అందుకే బెర్ముకు తారు కంటే ఎక్కువ వాలు, 3 నుంచి 4 శాతం ఇవ్వాలి. వానలకు ముందు గడ్డి గీకించి, నిలువ నీరు పోవడానికి అడ్డంగా గండ్లు కొట్టించాలి.

లోపలి పొరల్లో కంటికి కనపడని తప్పు ఒకటి ఉంది. అడుగున 50 సెంటీమీటర్లు గట్టిగా తొక్కిన మట్టి, దాని మీద గ్రావెల్ పొర, ఆ పైన తడిపి తొక్కిన కంకర, అన్నిటి పైన తారు. గ్రావెల్ పొర పని బరువు మోయడం ఒక్కటే కాదు, లోపలికి దిగిన నీటిని పక్కకు పంపడం కూడా. అలా పంపాలంటే ఆ పొర బెర్ము కిందుగా సాగి కట్ట వాలు దాకా పోవాలి. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పాత తారు పక్కన కందకం తవ్వి, అందులో గ్రావెల్, కంకర నింపి, బయట మామూలు మట్టితో బెర్ము కట్టేస్తే నీరు ఎటూ పోలేక తొట్టిలోలా నిలిచిపోతుంది. వెడల్పు చేసిన రోడ్డు మీద పాత తారుకీ కొత్త తారుకీ మధ్య పొడవునా చీలిక కనిపిస్తే, కారణం చాలాసార్లు ఇదే. నల్లరేగడి నేలల్లో ఇది ఇంకా త్వరగా బయటపడుతుంది. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, నానినప్పుడు దాని సీబీఆర్ విలువ, అంటే బరువు మోసే శక్తిని చెప్పే అంకె, రెండు మూడుకు పడిపోతుంది. అక్కడ పైమట్టి తీసేసి బయటి గ్రావెల్ తేవాలి, లేదా మట్టిలో సున్నం కలిపి గట్టిపరచాలి.

బరువు, నీళ్లు

ఇరుసు బరువు పెరిగేకొద్దీ రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో (బరువు రెండింతలైతే నష్టం పదహారింతలు) పెరుగుతుందని 1958-60 మధ్య అమెరికాలో రహదారుల అధికారుల సంఘం జరిపిన ఆషో రోడ్ టెస్టులో తేలింది. మన దగ్గర లెక్కకు ప్రామాణిక ఇరుసు 8.16 టన్నులు. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు చట్టం ఒప్పుకునే బరువు 2018 జులై దాకా 10.2 టన్నులు. ఆ ఇరుసు ఒకసారి పోతే రెండున్నర ప్రామాణిక ఇరుసులు పోయినంత నష్టం. అప్పుడు పరిమితిని 11.5 టన్నులకు పెంచారు. నష్టం దాదాపు నాలుగుకు చేరింది. ఓవర్‌లోడ్ లేకుండా, చట్టం లోపలే వచ్చే మార్పు ఇది. అంతకుముందు డిజైన్ చేసిన రోడ్లు పదిహేనేళ్ల లెక్క కంటే ముందే అలిసిపోతే ఆశ్చర్యం లేదు. ఇసుక రీచ్‌లు, క్వారీల నుంచి వచ్చే దారుల్లో నిండు లారీలు పోయే వరుస చితికి, ఖాళీ లారీలు తిరిగొచ్చే వరుస బాగా ఉండటం ఎవరైనా చూడవచ్చు.

ఆయకట్టులో రోడ్డుకు శత్రువు బరువు కంటే నీరే. రెండు పక్కలా వరిమడుల్లో నెలల తరబడి నీళ్లుంటే కట్ట అడుగు నానుతూనే ఉంటుంది. తొక్కిన మట్టి పొర అడుగుభాగం నిలువ నీటి మట్టం కంటే 0.6 నుంచి 1 మీటరు ఎత్తులో ఉండాలన్న నియమం అందుకే. నాట్ల కాలంలో దమ్ముకు బిగించే ఇనుప చక్రాలు (కేజ్ వీల్స్) తీయకుండా ట్రాక్టరును తారెక్కిస్తే ఆ ఇనుప పలకలు పైపొరను వరుసగా చెక్కుతాయి. ఒక్క ట్రాక్టరు పొలం నుంచి ఊరిదాకా పోతే చాలు, ఆ చారలన్నీ నీరు దిగే దారులవుతాయి. పైపు కోసం రోడ్డును అడ్డంగా కోయడం ఇంకో గాయం. కోసిన కందకంలో తీసిన మట్టినే కుమ్మరిస్తే ఆర్నెల్లలో అది రోడ్డుకు అడ్డంగా గాడి అవుతుంది. కోయక తప్పకపోతే అనుమతి తీసుకుని, తరువాత వచ్చే పైపులకూ పనికొచ్చేలా పెద్ద గొట్టం పెట్టి, గ్రావెల్‌తో పొరపొరగా తొక్కించి పూడ్చాలి. ధాన్యం సగం రోడ్డు మీద ఆరబోసి చుట్టూ రాళ్లు పేర్చడం మాత్రం రోడ్డు సమస్య కాదు, కల్లాలు లేని సమస్య. ఊరికి చాలినన్ని సిమెంటు కల్లాలు కట్టకుండా రైతును తిట్టి లాభం లేదు. అయినా చీకటి పడ్డాక ఆ రాళ్లు తీసేయాల్సిందే.

వానలకు ముందు చేయాల్సిన పనులకు ఒక వరస ఉంది. మొదట కల్వర్టుల్లో పూడిక తీయడం. తూములో మూడో వంతు మట్టి నిండి ఉంటే వరద కట్ట మీదుగా పొర్లి బెర్మును కోసేస్తుంది. తరువాత పక్క కాలువలు, ఆ తరువాత బెర్ములు. తారు పని చివర. గుంత పూడ్చేటప్పుడు అందులో నీళ్లుండగా తారు కంకర పోసి పారతో తట్టడం దండగ. చెడిన చోటుకు చుట్టూ గట్టి తారు తగిలేదాకా చదరంగా, నిలువు అంచులతో కోయాలి. లోపల తడి, దుమ్ము లేకుండా చేసి, అడుగుకూ గోడలకూ తారు ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు) పల్చగా పూయాలి. మరీ ఎక్కువ పూస్తే పైకి ఊరి జారుడు పుడుతుంది. వీజీ-30 రకం తారుతో చేసిన వేడి మిశ్రమమైతే 140 డిగ్రీలు తగ్గకుండా పరిచి, 90 డిగ్రీల లోపుకు చల్లారకముందే తొక్కడం ముగించాలి. దూరం ప్లాంటు నుంచి టార్పాలిన్ కప్పకుండా తెచ్చిన లోడు ఆ వేడి నిలుపుకోదు. అది పరిచినా ముద్ద కాదు, పొడిపొడిగా రాలుతుంది. లోతైన గుంతను ఒకేసారి నింపకుండా రెండు పొరలుగా తొక్కించి, పై మట్టం చుట్టూ ఉన్న రోడ్డు కంటే కొన్ని మిల్లీమీటర్లు ఎత్తుగా వదలాలి. బండ్లు తిరిగేకొద్దీ అది దిగి సమమవుతుంది. సమంగా వదిలితే దిగాక మళ్లీ అక్కడే నీరు నిలుస్తుంది.